పోటీ పరీక్షల ప్రత్యేకం: చెవి నుంచి గుండెకు వేగస్ నాడి

• ఏట్రియల్ ఫిబ్రిలేషన్: కర్ణికలు క్రమం తప్పి అదరడం. రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు.

• వేగస్: 12 జతల కపాల నాడుల్లో 10వది. గుండె వేగాన్ని తగ్గిస్తుంది. దీని శాఖ చెవికీ ఉంటుంది.

• చికిత్స: శస్త్రచికిత్స లేకుండా, చెవి రంధ్రం ముందుండే ట్రేగస్‌కు క్లిప్పు పెట్టి, అక్కడి వేగస్ శాఖకు స్వల్ప విద్యుత్తు పంపుతారు.

• ట్రీట్-ఏఎఫ్ (2020): ఈ చికిత్సపై ప్రయోగం. అమెరికాలోని ఓక్లహోమా పరిశోధకులు 53 మందిపై జరిపారు. 20 హెర్ట్జ్, రోజుకు గంట, 6 నెలలు. పోలిక బృందంకన్నా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ భారం 85 శాతం తక్కువ.

• యోగా: కాన్సాస్‌లో డాక్టర్ ధనుంజయ లక్కిరెడ్డి బృందం జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో 3 నెలల సాధనతో ఈ లయ తప్పడం తగ్గింది.

మాదిరి ప్రశ్న: గుండె సహజ పేస్‌మేకర్ ఏది?
జవాబు: సిరాకర్ణికా కణుపు.