డోలు మేళమున సభ్యుల మార్పు – ప్రదర్శనరచన

కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతికి మొదలై ఉగాది వఱకు ఆదివారములందు సాగును. ఆ దినములలో ఆలయపరిసరములయందు డోళ్ళు రెండు విధములుగా మ్రోగుచుండుట గమనింపవచ్చును. ఒకచోట నలుగురైదుగురు కళాకారులు రంగుపొడులతో పట్నము వేసి, దాని యెదుట మల్లన్న కథ చెప్పుచుందురు. అక్కడ డోలు కథకు తోడు. వేఱొకచోట పడుచువాండ్రు పెద్దజట్టుగా చేరి, ఒకే తీరు దుస్తులు దాల్చి, వలయములుగా తిరుగుచు, ఒకరి భుజములపై నొకరు నిలిచి వాయించుచుందురు. అక్కడ కథ లేదు, డోలే సర్వము. మొదటిది ఒగ్గుకథ, రెండవది ఒగ్గుడోలు. రెండింటికిని వాద్య మొకటే, దైవ మొక్కడే. కళాకారులును ప్రధానముగా కురుమ, గొల్ల కులములవారే. అయినను జట్టులోని మనుష్యులు మారినపుడు ఈ రెండింటికిని పట్టు గతి ఒకటి కాదు.

మేళములు క్షీణించుటకు సాధారణముగా చెప్పబడు కారణము పాతవారు పోవుట, క్రొత్తవారు నిలువకపోవుట. ఇది పైకి నిజమువలెనే కనిపించును. కాని సభ్యులు మారుటయే క్షీణతకు హేతువైనచో, సభ్యులను నియమపూర్వకముగా ఏటేట పంపివేయు మేళము ఒక్కనాడును నిలువరాదు. అట్టి మేళములు అమెరికాలో కలవు.

అక్కడ వానిని డ్రమ్ కోర్ అందురు. ఇత్తడి ఊదువాద్యములు, డోళ్ళు, జెండాలు త్రిప్పువారు – మొత్తము సుమారు నూటయేబదిమంది యువతీయువకులు క్రీడామైదానమున నడచుచు, పరుగెత్తుచు వాయించు ప్రదర్శన యిది. వీరి జాతీయపోటీలను నడపు డ్రమ్ కోర్స్ ఇంటర్నేషనల్ అను సంస్థ తొలి విజేతను 1972లో విస్కాన్సిన్ రాష్ట్రములోని వైట్‌వాటర్ అను ఊర నిర్ణయించినది. ఇరువదిరెండేండ్లు వచ్చుసరికి సభ్యుడు మేళము విడువవలసినదే. ఎంతటి నేర్పరియైనను ఈ నియమమునకు మినహాయింపు లేదు. కావున ప్రతి మేళమును ప్రతి వేసవి ముగియగానే తన మేటి వాదకులలో కొందఱను పోగొట్టుకొనును. శీతకాలమున క్రొత్తవారిని పరీక్షించి చేర్చుకొనును. ఇంతటి రాకపోకల నడుమ కాలిఫోర్నియాలోని కాంకర్డ్ నగరమున 1957లో పుట్టిన బ్లూ డెవిల్స్ అను మేళము 1976 మొదలు 2023 వఱకు ఇరువదియొక్క పర్యాయములు ప్రథమస్థానము పొందినది. 2020లో పోటీలు రద్దయినవి, 2021లో ప్రదర్శనలు జరిగినను విజేతల నిర్ణయము లేదు. 2019లో గెలిచిన ఈ మేళమే, జట్టులో పెక్కురు మారిన పిమ్మట 2022లో మఱల గెలిచినది.

దీనికి కారణము ప్రదర్శనరచనలో కలదు. ఆ మేళములలో ప్రదర్శన వాదకుల తలలలో లేదు, కాగితముమీద నున్నది. ఎవడు ఏ క్షణమున ఎన్ని అడుగులు వేసి ఎచట నిలువవలెనో, ఏ దెబ్బ ఏ చేతితో కొట్టవలెనో ముందుగా వ్రాయబడియుండును. వ్రాయువారు వాదకులవలె వయఃపరిమితికి లోబడినవారు కారు. బ్లూ డెవిల్స్‌కు ఇత్తడివాద్యముల సంగీతమును కూర్చిన వేన్ డౌనీ దశాబ్దములపాటు ఆ మేళమును అంటిపెట్టుకొనియే యుండెను. నిర్ణేతలు ఇచ్చు నూఱు గుణములలో నలువది ప్రదర్శన కలిగించు సమగ్రప్రభావమునకే యుద్దిష్టములు. కావున రచయిత యూహ గట్టిదైనచో నిరుటి బాలుడు లేని కొఱత కొంతవఱకు తీరును. ఇటలీ చలనచిత్రదర్శకుడు ఫెల్లీని పోకడలను ఆధారముగా చేసికొని 2014లో ఆ మేళము ఆడిన ప్రదర్శనకు 99.65 గుణములు వచ్చినవి. అయితే రచన యొక్కటే విజయమునకు చాలదు. 2024లో బ్లూకోట్స్, 2025లో బోస్టన్ క్రూసేడర్స్ అను మేళములు ప్రథమస్థానము నందినవి. సహకరించు చేతులు లేనిచో ఎంతటి రచనయు కాగితముమీదనే నిలిచిపోవును.

ఈ యేర్పాటునకు ఒక మూల్యము కలదు. అంతటి శ్రమతో సిద్ధము చేసిన ప్రదర్శన పది పండ్రెండు నిముషముల పాటిది. ఆగస్టులో చివరి పోటీ ముగియగానే దానిని వదలివేయుదురు. మఱుసటి యేడు మఱియొక రచన. అనగా అక్కడ మేళము నిలుచును, సభ్యులును ప్రదర్శనయు పోవుచుందురు.

ఒగ్గుకథ తీరు దీనికి పూర్తిగా విపరీతము. ఒగ్గు అనగా శివుని డమరుకము. దానిని చేతబట్టిన ప్రధానకథకుడు మల్లన్న కథనో, బీరప్ప కథనో, ఎల్లమ్మ కథనో ఎత్తుకొనును, వంతపాడువాడు అందుకొనును, డోలు, తాళము అనుసరించును. కథ రాత్రులతరబడి సాగగలదు. దాని ప్రతి గ్రంథరూపమున లేదు. ఏ ఘట్టము పెంచవలెను, ఏది తెంచవలెను, ఎక్కడ నవ్వింపవలెను అనునది కథకుడు ఎదుటి జనమును చూచి అప్పటికప్పుడు నిశ్చయించుకొనును. రచనయు ప్రదర్శనమును ఒకే మనుష్యునియం దుండుటచేత ఆ మనుష్యుడు పోయినచో రెండును పోవును. మిద్దె రాములు 2010లోను, చుక్క సత్తయ్య 2017లోను గతించిరి. సత్తయ్యకు 2014 సంవత్సరపు సంగీత నాటక అకాడమీ పురస్కారము లభించినది. వారి తరువాతివారు లేకపోలేదు. అయినను వారు చెప్పిన తీరున ఆ కథలు మఱల చెప్పబడవు.

ఇంతవఱకు అందఱు నెఱిగినదే. తఱచుగా ఎవరును తలపెట్టని విషయము డోలు వాయించువానిది. కథకుని పేరు పత్రికలకెక్కును, బిరుదు లతనికే వచ్చును. కాని కథలో డోలు కేవలము చప్పుడు కాదు. వచనము పాటలోనికి తిరుగుచోట, పాట ముగిసి మాట మొదలగుచోట, కోపము వచ్చిన దేవత అడుగు వేయుచోట దరువు మారును. కథకుడు చేయి విసరునో, గొంతు హెచ్చించునో, ఒక్కొక్కప్పుడు ఏ సైగయు చేయడు. కథ తెలిసిన డోలరికి తదుపరి మాట తెలియును గనుక చేయి దానంతట అది ఆగును. కథ తెలియనివాడు ఎంతటి చేతివాటము కలవాడైనను మాటను త్రొక్కివేయును. ఈ తెలివి శిక్షణశిబిరమున రెండువారములలో అబ్బునది కాదు. పెద్దల వెంట రాత్రులు కూర్చుండియే దానిని నేర్వవలెను. కావున ఒగ్గుకథలో ఒక పాత డోలరి మానుకొనుట కథకుడే సగము మూగవోవుటతో సమానము.

ఒగ్గుడోలు ఈ కట్టుబాటునుండి విడివడినది. దాని రచన దరువుల వరుసలో, వలయములలో, అంతస్తులుగా నిలుచు భంగిమలలో నున్నది. అది కంటికి కనబడును, లెక్కకు లొంగును. ఒకడు మానినచో ప్రక్కయూరి పడుచువాడు కొలదికాలములో వాని స్థానమున నిలువగలడు. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట రాష్ట్రోత్సవములలో, ఊరేగింపులలో ఈ జట్లకు ప్రముఖస్థానము లభించినది. దీనిని తక్కువగా చూచుట తగదు. కులవృత్తిగా నున్న వాద్యమునకు గౌరవము, పడుచువాండ్రకు కొంత జీవనము ఏర్పడినవి. అయితే వేదికపై దొరకు నిముషములు కొన్ని మాత్రమే. అందులో పట్నము లేదు, రాత్రి లేదు, మాట లేదు. చేయి తిరిగిన కుఱ్ఱవాడు కథజట్టులో నలుగురిలో నొకడై తెల్లవార్లు కూర్చుండుటకన్న, ఇరువదిమందిలో నొకడై వెలుగులో నిలుచుటకే మ్రొగ్గుచూపుట సహజము. ఆ విధముగా డోలుజట్టు పెరిగినకొలదిని కథజట్టు డోలరిని కోల్పోవు ప్రమాదము కలదు. వాద్యమును నిలిపిన రచనయే కథకు ఎసరు పెట్టగలదు.

సభ్యులు మారినను మాట నిలిచిన మేళము మఱియొకటి పుదుచ్చేరికి దక్షిణమున తంజావూరు మండలమున కలదు. అచ్యుతప్ప నాయకుని దానమువలన ఏర్పడినదని చెప్పబడు మేలట్టూరు గ్రామమున, నరసింహజయంతికి ఏటేట భాగవతమేళనాటకములు ఆడుదురు. వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాదచరిత్రము మొదలగు ఆ నాటకములు తెలుగు నాటకములు. ఆడువారిలో పలువురి యింటిభాష నేడు తమిళము. ఉద్యోగములకై నగరములలో నుండి ఉత్సవమునకు ఊరు చేరువారును కలరు. వేషధారులు తరతరమునకు మారినను వేషము, దరువు, పద్యము మారకుండుటకు కారణము వ్రాయబడిన గ్రంథమును, దానిని ముందుంచుకొని పాఠము చెప్పు పెద్దలును. అమెరికా మేళమువలె ఇక్కడను రచన మనుష్యునికి వెలుపల నున్నది. కాని అది ఏటికేడు పాఱవేయబడునది కాదు.

ఒగ్గుకథలను కూడ వ్రాసియుంచినచో సరిపోవునని తోచవచ్చును. బిరుదురాజు రామరాజు 1950 దశకములోనే జానపదగేయసాహిత్యమును విశ్వవిద్యాలయస్థాయి పరిశోధనకు విషయముగా చేసెను. అటు తరువాత కథాసేకరణము విరివిగా జరిగినది. కాని సేకర్తలు కథకుని నోటిమాటను మాత్రమే వ్రాసికొనుట పరిపాటి. అట్టి ప్రతిని చేతబట్టి క్రొత్తజట్టు కథ చెప్పబూనినచో, వచనమెక్కడ ఆగి దరువెక్కడ ఎత్తుకొనవలెనో దానిలో కానరాదు. వంతపాటవాని ‘ఊ’కొట్టుడు సైతము పలుమాఱు విడువబడును. పాఠమును వ్రాయునపుడు ప్రతి పంక్తి ప్రక్కను డోలు మొదలగుచోటు, మారుచోటు, నిలుచుచోటు గుర్తింపవలెను. ఈ గుర్తులు చెప్పగలవాడు కథకుడు కాడు; అడిగినపుడు అతడు ప్రక్కవానివైపు చూపును. ఆ ప్రక్కవాండ్రలో వృద్ధులైనవా రింకను కొందఱు జనగామ, సిద్దిపేట ప్రాంతపు పల్లెలలో కలరు. ముందుగా కూర్చుండబెట్టి అడుగవలసినది వారిని. అదియు చేతికి డోలు ఇచ్చి, ఎదుట కథ చెప్పువానిని నిలిపి అడుగవలెను, ఏలనన వట్టిమాటలతో అడిగినచో వారికిని అది జ్ఞప్తికి రాదు.