శిలాపఠనం

ఉద్దేశం: సాహసానికి ముందుచూపు తోడైనప్పుడే అది సఫలమవుతుందని విద్యార్థులకు తెలియజేయడం.

కడప సీమలో నదులు కొండలను చీల్చుకొని పారుతాయి. వేంపల్లె సమీపంలో పాపాఘ్ని నది కొండల నడుమ నుండి వెలువడే చోటు గండి క్షేత్రంగా ప్రసిద్ధం. జమ్మలమడుగుకు చేరువలో పెన్నానది ఎర్రమల కొండలను కోసుకొని పోగా ఏర్పడిన లోయ అంచున గండికోట వెలసింది. ఈ శిలలను నిత్యం చూసేవారు ఎందరో ఉన్నారు. కాని శిలను చూడటం వేరు, చదవటం వేరు. శిలారోహణ విద్యలో తొలి పాఠం ఈ పఠనమే.

ప్రతి శిలకూ తనదైన లిపి ఉంటుంది. గండికోట లోయలోని క్వార్ట్‌జైట్ ఒకనాటి ఇసుక పొరలు గట్టిపడి ఏర్పడినది. అందుచేత దానిలో అడ్డంగా అరుగుల వంటి అంచులు, నిలువుగా చీలికలు కనిపిస్తాయి. చేతికి పట్టు దొరుకుతుంది. అయితే వదులైన రాయి ఊడివచ్చే ప్రమాదమూ ఉంది. తెలంగాణలోని భువనగిరి కొండ గ్రానైటు ఏకశిల. దాని నున్నని వాలుపై పట్టులు తక్కువ. అక్కడ పాదరక్షకూ రాతికీ మధ్య కలిగే ఘర్షణనే నమ్ముకోవాలి.

పద్యంలో క్రియాపదం తరచుగా చివర ఉంటుంది. పాఠకుడు ముందుగా దానిని గుర్తించి, కర్తృకర్మలను కూర్చుకొని అన్వయం చేసుకుంటాడు. ఆరోహకుడు కూడా నేలమీద నిలిచి మొదట చివరి పట్టును చూస్తాడు. దానిని ఏ చేతితో అందుకోవాలో నిశ్చయించుకొని, అక్కడి నుండి ఒక్కొక్క అడుగే క్రిందికి లెక్కించుకొంటూ వస్తాడు. కుడిచేయి అందుకోవలసిన పట్టును ఎడమచేయి ముందే ఆక్రమిస్తే దారి మధ్యలో నిలిచిపోక తప్పదు. అత్యంత క్లిష్టమైన చోటేది, దానికి ముందు చేతులకు విశ్రాంతినిచ్చే తావేది, ఊహ తప్పితే వెనుదిరిగే మార్గమేది అన్న మూడు ప్రశ్నలకూ సమాధానం నేలమీదనే దొరకాలి. రాతిని పట్టుకొని వ్రేలాడుతూ ఆలోచించేవాని ముంజేతులు క్షణక్షణానికీ అలసిపోతాయి. దిగేటప్పుడు పాదం మోపే చోటు కంటికి సరిగా ఆనదు కనుక, ఎక్కడం కంటె దిగడం తరచుగా కష్టం.

ఈ పఠనానికి అంతర్జాతీయ పోటీలలోనూ స్థానముంది. టోక్యో ఒలింపిక్ క్రీడలలో, అనగా 2021లో, శిలారోహణ తొలిసారి ప్రవేశించింది. అందులోని ‘లీడ్’ విభాగంలో పోటీదారులకు మార్గాన్ని పరిశీలించేందుకు 6 నిమిషాల వ్యవధి ఇస్తారు. ఆ తరువాత ఒకరి ఆరోహణను మరొకరు చూడకుండా వేరుగా ఉంచుతారు.

సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులైన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ భువనగిరి శిలపైనే తొలి శిక్షణ పొందారు. పేద కుటుంబాలలో పుట్టిన ఆ ఇద్దరూ 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు.

శిలను చదివినంత మాత్రాన భయం తొలగదు. దేనికి భయపడాలో, దేనికి భయపడనక్కరలేదో మాత్రం స్పష్టమవుతుంది. తాడు, శిరస్త్రాణం, అనుభవజ్ఞుడైన శిక్షకుడు లేనిదే ఏ శిలనూ ఎక్కరాదు. సగం దారిలో శిల తన ఊహకు భిన్నంగా ఉన్నదని గ్రహించి దిగివచ్చినవాడు ఓడినవాడు కాడు. అతడు మరునాడు ఆ శిలను మరింత బాగా చదువగలడు.

కఠిన పదాలు – అర్థాలు
ఆరోహకుడు = ఎక్కేవాడు
అన్వయం = పదాల పొందిక
తావు = చోటు
శిరస్త్రాణం = తలకు రక్షణనిచ్చే తొడుగు

ప్రశ్నలు
1. గండికోట, భువనగిరి శిలల మధ్య భేదాన్ని వివరించండి.
2. పద్యపఠనానికీ శిలాపఠనానికీ గల పోలిక ఏమిటి?
3. వెనుదిరగడం ఓటమి కాదన్న అభిప్రాయాన్ని సమర్థించండి.