బంజరని రాసిన చేయి

నేలను చదరాలుగా కొలిచి, మొక్కలను లెక్కపెట్టి, ఆ లెక్కలతో తరగతులు కట్టడం ముప్పై ఏళ్లకు పైగా నా పని. ఇప్పుడీ పనిలోకి వస్తున్నవారికి, నేను తప్పిన చోట్ల నుంచి కొన్ని మాటలు.

1. లెక్క గీసిన గీత నేల మీద ఉండకపోవచ్చు.

మా తరానికి ట్విన్‌స్పాన్ పెద్ద అండ. 1979లో మార్క్ హిల్ తెచ్చిన ఆ ప్రోగ్రాం, దొరికిన మొక్కలను బట్టి చదరాలను రెండుగా చీలుస్తుంది. ఆ రెంటినీ మళ్లీ రెండేసిగా. ఎక్కడ ఆపాలో మనమే చెప్పాలి. మెల్లమెల్లగా మారే కొండవాలును ఇచ్చినా మధ్యలో గీత పెడుతుంది. నల్లమల వాలులో అలా వచ్చిన పదహారు గుంపులకు పదహారు పేర్లు పెట్టాను. మరుసటి ఏడు వెళ్తే, ఆరోది ఎక్కడ ముగిసి ఏడోది ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు.

2. చదరాన్ని జీపు దారి ఎంచకూడదు.

పర్యావరణ శాస్త్రవేత్త బాబ్ బన్స్ బృందం బ్రిటన్‌ను వాతావరణం, ఎత్తు, రాతి స్వభావం వంటి వాటితో ముందే 32 తరగతులు చేసింది. 1978లో తరగతికి 8 చొప్పున, చీటీ తీసినట్టు, కిలోమీటరు పొడవూ వెడల్పూ ఉన్న 256 చదరాలు ఎంచుకుంది. చీటీలో కొండ వస్తే కొండెక్కాల్సిందే. అది చదివి కూడా నేను దారి పక్కనే తాడు పరిచాను. మేతకు, కట్టెలకు నలిగిన ఆ అంచునే మొత్తం అడవిగా లెక్క తేల్చాను.

3. ఆకు రాలిన అడవిని ఒక్కసారే చూసి పేరు పెట్టకండి.

మార్చి ఉపగ్రహ చిత్రంలో పొదల నేలలా కనిపించేది అక్టోబరులో అడవి. రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టుకోండి.

4. పెద్ద శాతం చిన్న తరగతిని మింగేస్తుంది.

నూరు చదరాల్లో తొంభై అడవి, పది గడ్డి నేల అనుకోండి. పటంలో అన్నింటినీ అడవి అని రాసేసినా 90 శాతం సరైనట్టే తేలుతుంది. గడ్డి నేల ఒక్కటీ దొరకదు. కాకతాళీయంగా కుదిరినదాన్ని తీసేసి చూసే, 1960లో జేకబ్ కోహెన్ చెప్పిన కప్పా కొలత వేస్తే మాత్రం ఆ పటానికి వచ్చేది సున్నా. ఇది తెలిసీ, కర్నూలు వైపు ఒక పటంలో నేను గడ్డి నేలలను బంజరులో కలిపేశాను. వాటికి నా దగ్గర ఉన్నవి ఏడే చదరాలు. కలిపితే మొత్తం శాతం పెరిగింది, ఎవరూ అడగలేదు. అడిగింది ఒక గొర్రెల కాపరి. "ఇది బంజరైతే మా గొర్లు ఇన్నేండ్లు యాడ మేసినాయి సార్?" అన్నాడు. అలాంటి గడ్డిలోనే బట్టమేక పక్షి నేల మీద ఒక్క గుడ్డు పెట్టి పొదుగుతుంది. ఆ వైపే ఉన్న రోళ్లపాడు 1988లో అభయారణ్యమైంది ఆ పక్షి వల్లనే. బంజరని రాస్తే అక్కడ మొక్కలు నాటమని ఎవరో ఒకరు చెబుతారు. తర్వాత వెళ్లి చూసేసరికి గడ్డి మధ్య వరుసగా గుంతలు తవ్వి ఉన్నాయి.

ఆ ఏడు చదరాల ఫీల్డ్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది. గడ్డి పేర్లన్నీ ఉన్నాయి, చేతిరాత కొంచెం చెరిగింది. మీలో ఎవరైనా ఆ నేలకు మళ్లీ వెళ్లేట్టయితే వచ్చి తీసుకెళ్లండి.