పాతయిల్లు - క్రొత్తయిల్లు

నిజామాబాదునుండి జగిత్యాలకు పోవు రహదారిపై, ఆర్మూరు దాటిన పిమ్మట మెట్‌పల్లి పట్టణము వచ్చును. ఖద్దరుకు పేరొందిన ఈ పట్టణము 2016వ సంవత్సరమువరకు కరీంనగరు జిల్లాలో నుండెను. నేడు జగిత్యాల జిల్లాలోనిది. ఈ ప్రాంతపు పట్టణములలో రహదారి పొడవునను క్రొత్త మేడలు లేచినవి. లోపలి పాత వీధులలో మాత్రము అక్కడక్కడ గూనపెంకుటిండ్లు నిలిచియున్నవి. అట్టి యింట నివసించు కుటుంబమును ఒక ప్రశ్న బాధించుచుండును: దీనిని బాగుచేయవలెనా, పడగొట్టి క్రొత్తది కట్టవలెనా?

ఈ ప్రశ్న తేలికైనది కాదు. వానకాలమున నానిన మట్టిగోడలు కూలి, నిద్రించువారు మరణించిన వార్తలు తెలంగాణములో తరచుగ వినవచ్చును. తాతలనాటి యిల్లను అభిమానముతో పిల్లలను పగిలిన గోడక్రింద పరుండబెట్టుట వివేకము కాదు. అయినను పాతదన్నంతనే పనికిమాలినదని తలచుటయు వివేకము కాదు.

ఆ యిండ్లను కట్టినవారు ఎండవానల తీరును చక్కగా నెరిగినవారు. మందమైన గోడలు పగటి వేడిని వెంటనే లోపలికి రానీయవు. ఇంటి నడుమ ఆకాశము కనబడునట్లు విడిచిన భవంతినుండి వేడిగాలి పైకి పోవుచుండ, అర్రలలోనికి చల్లగాలి వచ్చుచుండును. ముందుకు వచ్చిన చూరు వాననీటిని గోడకు తగులకుండ దూరముగ జారవిడుచును. ఆదిలాబాదు అడవుల టేకుతో చేసిన దూలములు, దర్వాజాలు తరతరములు నిలుచును. గానుగసున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, క్రమముగ రాయివలె గట్టిపడును.

ఇట్టి యిల్లు పాడగుటకు ముసలితన మొక్కటియే కారణము కాదు. జరిగిన పెంకును సవరింపనిచో నీరు దూలమును చేరును, చెద పట్టును. బీటను కప్పుటకు మట్టిగోడపై సిమెంటు పూసినచో, లోని తడి వెలికి రాలేక గోడ లోలోపల మెత్తబడును. పైకి గట్టిగ కనబడును. లోపల బలము నశించును. కావున మొదట అనుభవముగల మేస్త్రీని, వడ్రంగిని పిలిచి చూపింపవలెను. పునాది, గోడలు దృఢముగ నున్నచో మరమ్మతే మేలు. అవి చెడియున్నచో క్రొత్తయిల్లు తప్పదు.

అయితే కూల్చుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. దానికి దూరదేశపు నిదర్శన మొకటి చూడుడు. పోలెండు రాజధానియగు వార్సా నగరపు పాతపేటను 1944లో జర్మను సైన్యము చాలవరకు నేలమట్టము చేసెను. యుద్ధానంతరము పౌరులు దానిని మరల కట్టుకొనిరి. యుద్ధమునకు పూర్వము వాస్తుశాస్త్ర విద్యార్థులు గీసిన కొలతల పటములు, 18వ శతాబ్దమునాటి వర్ణచిత్రములు వారికి దారి చూపినవి. 1980లో యునెస్కో ఆ పేటను ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చినది. ఆ పటములు లేనిచో పట్టుదల యొక్కటి చాలకపోయెడిది. మన యింటికిని అంతే. టేపుతో అర్రలను కొలిచి, పటము గీసి, ఛాయాచిత్రములు తీసి, ఇంటి పెద్దలు చెప్పిన సంగతులను వ్రాసియుంచుట ఎనిమిదవ తరగతి విద్యార్థికిని సాధ్యమైన పనియే.

పిమ్మట ఇంటిని విప్పవలెను. యంత్రముతో ఒక్కమారు కూల్చినచో అంతయు మన్నుపాలగును. చేతితో విప్పినచో దర్వాజాలు, స్తంభములు, పెంకులు దక్కును. సున్నముతో పేర్చిన ఇటుకలనుండి సున్నము సులభముగ రాలును. అవియు మరల పనికివచ్చును.

క్రొత్తయింట మరుగుదొడ్డి, విద్యుత్తు, గట్టి కప్పు ఉండవలసినదే. కాని అది వీధిలోనికి చొచ్చుకొని రాకూడదు. పొరుగింటి గాలివెలుతురుల నడ్డగింపరాదు. ముందు అరుగు, నడుమ కొంత తెరపి, వాననీటికి ఇంకుడుగుంత యున్నచో పాతవీధిలో అది పరాయిదిగ తోచదు.

2017లో తెలంగాణ శాసనసభ వారసత్వ కట్టడముల రక్షణకు చట్టము చేసినది. చట్టము కోటలను, గుడులను కాపాడవచ్చును గాని ప్రతి పెంకుటింటిని కాపాడజాలదు. సామాన్యుని యింటికి ఆ యింటివారే రక్షకులు. పాతయిల్లు పోయినను అది నేర్పిన విద్య పోకూడదు.