పాత వీడియో ఆటల సేకరణ – విద్యార్థి జమాఖర్చులు

నాణెములు, తపాలా బిళ్ళలు సేకరించు అభిరుచి మన విద్యార్థులలో చిరకాలముగ కలదు. ఇటీవల పాత వీడియో ఆటల సేకరణ కూడ దానికి తోడైనది. 1990వ దశకమున టెలివిజనుకు తగిలించి ఆడుకొనిన చిన్న యంత్రములు, రంగురంగుల క్యాసెట్లు నేడు అటకల మీది నుండి దిగి అంగడి సరకులైనవి. ఈ అభిరుచికి ఎంత వెచ్చింపవచ్చునో ముందుగ నిర్ణయించుకొనుట ఎట్లో పరిశీలింతము.

మొదట వస్తువును గూర్చి కొంత తెలియవలెను. జపానుకు చెందిన నింటెండో సంస్థ 1983 జూలై 15న 'ఫ్యామిలీ కంప్యూటర్' అను ఆటయంత్రమును విడుదల చేసినది. (ఆ సంస్థ 1889లో క్యోటో నగరమున పేకముక్కలు చేయుటకై పుట్టినదని వినినచో మన పెద్దలకు అనుమానము మరికొంత పెరుగవచ్చును.) మన ఊళ్ళకు విరివిగ చేరినవి అసలు యంత్రములు కావు, వాని అనుకరణలు. అనుకరణ క్యాసెట్టును విప్పి చూచినచో లోపల నల్లని లక్కవంటి ముద్ద తరచుగ కనబడును. అట్టిది ఆడుకొనుటకు మంచిదే. అసలు వస్తువు వెల నిచ్చుటకు మాత్రము తగదు. మరియొక చిక్కు కలదు. ఈ యంత్రపు జపాను క్యాసెట్టుకు 60 పిన్నులు, అమెరికా క్యాసెట్టుకు 72. ఒకదాని యంత్రమున వేరొకటి నేరుగ అమరదు. 'డక్ హంట్' ఆటలోని తుపాకి పాత పిక్చర్ ట్యూబు టెలివిజనుపైననే పనిచేయును. కావున క్యాసెట్టు కొన్నవాడు దాని వెంట టెలివిజను కూడ కొనవలసి రావచ్చును.

2021లో అమెరికాలో ముద్ర విప్పని 'సూపర్ మారియో 64' ప్రతి ఒకటి వేలములో 15 లక్షల 60 వేల డాలర్లకు అమ్ముడుపోయినది. ఈ వార్త మా లెక్కలను కూడ కొన్నాళ్ళు చెడగొట్టినది. ఆ వెల పెట్టె విప్పకుండ నిలిచిన ప్రతికే గాని, ఆడి అరిగిన క్యాసెట్టుకు కాదు.

ఇక మా జువ్వలదిన్నె సంగతి. ఇచట రెండు విషయములు పద్దును మార్చును. మొదటిది ఉప్పుగాలి. సముద్రపు తేమకు క్యాసెట్టు పిన్నులు చిలుమెక్కును. నోటితో ఊదుట అందరికి అలవాటే గాని, ఊపిరిలోని తేమ కీడునే చేయును. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదిపుల్లతో తుడిచి, సిలికా జెల్ పొట్లముతో మూతబిగువు డబ్బాలో దాచవలెను. రెండవది వేట నిషేధము. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవలతో వేట చేయరాదు. వేటపై బ్రతుకు కుటుంబమునకు ఆ దినములలో రాబడి దాదాపు నిలిచిపోవును; కళాశాల రుసుములు, పుస్తకముల ఖర్చు దాని వెన్నంటియే వచ్చును. జీతము వచ్చు ఇంటి విద్యార్థి నెలసరి బడ్జెట్టు వేసికొనవచ్చును. మేము సంవత్సరమునకు వేసికొనవలసినదే.

నెలకు 300 రూపాయలు మిగులుననుకొందము. నిషేధపు రెండు నెలలు తీసివేయగా పది నెలలకు 3,000. ఇందు 1,800 క్యాసెట్లకు. 600 శుభ్రపరచు సామగ్రికి, అడాప్టరు మరమ్మతులకు. తక్కిన 600 తాకరాని నిల్వ. కొరియరు కూలి, విదేశము నుండి తెప్పించినచో కస్టమ్సు సుంకము క్యాసెట్ల పద్దులోనివే. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు – ఈ మాటలన్నియు ఉర్దూ, ఫారసీల మూలముగ తెలుగు చిట్టాలో స్థిరపడినవే గనుక, మన కళాశాలలో రెండు భాషల వారికిని ఒకే పుస్తకము చాలును.

గత సంవత్సరము మా మిత్రబృందములో ఒకరు, 'మరల దొరకదు' అను భయముచే, పరీక్ష రుసుముకై దాచిన 1,400 రూపాయలతో ఒక క్యాసెట్టు కొనిరి. విప్పి చూడగా లోపల నల్లముద్దయే. గడువుకు నాలుగు దినముల ముందు దానితోపాటు మరి మూడింటిని అమ్మగా 900 వచ్చినవి. తక్కిన 500 మేము తలకొంత వేసికొంటిమి. ఆనాటి నుండి మా పుస్తకమున రుసుముల సొమ్మును చేర్చుట మానితిమి. తిరిగి అమ్మిన వచ్చునను వెలను జమలో చూపుటయు మానితిమి. పద్దు మించిన క్యాసెట్టు ఎదురైనచో దాని పేరు, వెల వ్రాసియుంచి, వేట తిరిగి మొదలైన పిమ్మట మరల విచారింతుము. ఇంతవరకు అట్లు వ్రాసిన ఏడింటిలో ఐదు మరల కనబడినవి. అందు రెండు తక్కువ వెలకే.