మందు వేళ - యంత్ర సాయం

హెచ్.ఐ.వి. మందులు వ్యాధిని నిర్మూలింపవు. రక్తంలోని వైరస్‌ను అణచి ఉంచుతాయి. మాత్రలు తరచుగా తప్పినచో వైరస్ తిరిగి విజృంభించి, ఆ మందులకు లొంగని రూపం దాల్చవచ్చు. కావున వేళ తప్పక మందు వేసుకొనుట చికిత్సకు ప్రాణం. ఇందుకు ఎలక్ట్రానిక్ సాధనాలు ఎంతవరకు తోడ్పడునో పరిశీలిద్దాం.

మూత తీసినప్పుడెల్లా ఆ వేళను నమోదు చేసే సీసాలు ఒక విధం. సెల్‌ఫోన్ సందేశాలు మరొక విధం. రెండవదానికి కెన్యా దేశం మంచి ఉదాహరణ. అచట 2007-2009 మధ్య 538 మంది రోగులతో ఒక పరిశోధన జరిగింది. అందు సుమారు సగం మందికి వారానికొకసారి ‘మాంబో?’ అను సందేశం పంపేవారు. స్వాహిలీ భాషలో ‘ఎలా ఉన్నారు?’ అని దీని భావం. అందులో వ్యాధి ప్రసక్తి లేదు. కనుక ఇతరుల కంటబడినా రోగి గుట్టు బయటపడదు. రెండు రోజులలోగా ‘సావా’, అనగా బాగున్నానని గాని, ‘షిదా’, అనగా ఇబ్బంది అని గాని బదులీయవలెను. ఈ రెండవ మాట మన ఉర్దూ ‘శిద్దత్’కు చుట్టమే. ఇబ్బంది అన్నవారితోను, బదులీయనివారితోను నర్సు స్వయంగా ఫోనులో మాట్లాడేది. సందేశాలు అందినవారిలో 62 శాతం, అందనివారిలో 50 శాతం మందులు సక్రమంగా వాడినట్లు తెలిపారు. వైరస్ అణగినవారు వరుసగా 57, 48 శాతం.

దక్షిణ భారతంలో 631 మందితో జరిగి, 2014లో ప్రచురితమైన పరిశోధనలో యంత్రమే వారం వారం ఫోను చేసి, బొమ్మల సందేశం పంపేది. దానివలన చెప్పుకోదగిన మేలు కనబడలేదు. రెండు దేశాల పరిస్థితులు వేరు కావున కారణం ఇదేయని తీర్మానింపరాదు. అయినను యంత్రం వేళను గుర్తుచేయగలదే గాని, ‘ఇబ్బంది’ అన్నవారి గోడు వినుటకు మనిషి కావలెనని మా అభిప్రాయం.