తొలి గిటారు – ఎంపికలో వివేకం

ఉద్దేశం: ఒక వాద్యాన్ని కొనే సందర్భాన్ని ఆధారంగా చేసుకొని, వస్తువు గుణదోషాలను పరీక్షించే పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేయడం, శాస్త్రవిషయాన్ని తెలుగు వచనంలో స్పష్టంగా చెప్పే రీతిని తెలియజేయడం.

పాఠం

'ఆడలేక మద్దెల ఓడు' అన్న సామెత తెలుగువారందరికీ సుపరిచితమే. తన చేతకానితనాన్ని కప్పిపుచ్చుకోవడానికి పరికరంపై నెపం వేసేవారిని ఈ సామెత పరిహసిస్తుంది. కానీ లోకంలో దీనికి విరుద్ధమైన స్థితి కూడా ఉంది. ఒక్కొక్కప్పుడు మద్దెల నిజంగానే ఓడుదై ఉంటుంది. ఆ సంగతి ఎరుగని విద్యార్థి లోపమంతా తనదేనని భావించి, తనకు సంగీతం అబ్బదని నిశ్చయించుకొని, విద్యనే విడిచిపెడతాడు. గిటారు నేర్వబూనిన యువతీయువకులకు ఇటువంటి నిరాశ ఎదురయ్యే అవకాశం ఎక్కువ. మంచి వాద్యమేదో తెలియాలంటే వాయించడం రావాలి. వాయించడం రావాలంటే ముందు వాద్యం ఉండాలి. ఈ చిక్కుముడిని విప్పుకొనే మార్గాన్ని తెలుసుకుందాం.

భరతుని నాట్యశాస్త్రం వాద్యాలను తత, అవనద్ధ, ఘన, సుషిరాలని నాలుగు విధాలుగా విభజించింది. తీగలతో పలికే గిటారు తతవాద్యం. ఇది పరదేశీయమని సంకోచించనవసరం లేదు. పాశ్చాత్య వాద్యమైన వయొలిన్‌ను కర్ణాటక సంగీతానికి అలవరచిన ఘనత బాలుస్వామి దీక్షితులకు (1786–1858) దక్కుతుంది. పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) మాండలిన్‌పై గమకాలు పలికించి విద్వాంసులను మెప్పించారు. ఇక గిటారు విషయానికి వస్తే, దాని నేటి సంప్రదాయ రూపాన్ని తీర్చిదిద్దినవాడు స్పెయిన్ దేశపు శిల్పి ఆంటోనియో దె టోరెస్ (1817–1892). మీటినప్పుడు కంపించే తీగ పొడవు సుమారు 65 సెంటీమీటర్లు ఉండాలన్న నేటి ప్రమాణం స్థిరపడటానికి ఆయన వాద్యాలే మూలం.

గిటారు భాగాలను వీణ పరిభాషతోనే చెప్పుకోవచ్చు. వ్రేళ్ళతో తీగను నొక్కే పొడవైన భాగం దండి. దానిపై అడ్డంగా ఉండే లోహపు కమ్ములు మెట్లు. తీగలను బిగించే మరలు బిరడలు. బిరడల చెంత తీగలు ఆనుకొనే చిన్న పలక మేరువు. దేహం మీద తీగలను మోసేది గుఱ్ఱం. అయితే వీణకూ గిటారుకూ ఒక ముఖ్యమైన భేదం ఉంది. వీణ మెట్లు మైనంలో అమరి ఉంటాయి. శ్రుతి తప్పితే మైనాన్ని కరిగించి వాటిని సవరించవచ్చు. గిటారు మెట్లు దండిలో కోసిన గాళ్ళలో స్థిరంగా దిగి ఉంటాయి. వాటిని తప్పుగా అమర్చిన గిటారు ఎంత శ్రుతి చేసినా సరిగా పలకదు. అందువల్ల పరీక్ష కొనక ముందే జరగాలి.

విద్యార్థి తనకు తాను వేసుకోవలసిన మొదటి ప్రశ్న, తాను ఏ సంగీతం వాయించదలచాడన్నది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని అభిలషించేవారికి నైలాన్ తీగల గిటారు తగినది. పూర్వం జంతువుల ప్రేగులతో చేసిన తీగలను వాడేవారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అవి కరవు కాగా, 1940 దశకంలో నైలాన్ తీగలు వాడుకలోకి వచ్చాయి. పాట పాడుతూ తోడుగా వాయించుకోవాలనుకొనేవారు ఎక్కువగా ఉక్కు తీగల గిటారును ఎంచుకొంటారు. నైలాన్ తీగలు వ్రేళ్ళకు మృదువుగా ఉంటాయి కాని, వాటి దండి వెడల్పు ఎక్కువ. మేరువు వద్ద నైలాన్ గిటారు దండి సుమారు 52 మిల్లీమీటర్లు, ఉక్కు తీగల గిటారు దండి సుమారు 43 మిల్లీమీటర్లు ఉంటుంది. చిన్న చేయి కలవారు రెండింటినీ పట్టుకొని చూడటం మంచిది. ఒకదాని తీగలను మరొకదానికి బిగించరాదు. ఆరు ఉక్కు తీగలు కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి. నైలాన్ తీగల లాగుడు సుమారు 40 కిలోలు. తక్కువ బలానికి నిర్మించిన వాద్యంపై ఎక్కువ బలం పడితే గుఱ్ఱం ఊడుతుంది, దండి వంగుతుంది.

తరువాత ఆలోచించవలసినది చెక్క. పైపలకను ఒకే కలప పలకతో చేసిన గిటారు నాదం గంభీరంగా ఉంటుంది. కాని అది గాలిలోని తేమకు త్వరగా లోనవుతుంది. పలుచని పొరలను అతికించిన ప్లైవుడ్ పలక నాదంలో కొంత తగ్గినా, వాతావరణంలోని మార్పులను బాగా తట్టుకొంటుంది. కాకినాడ, విశాఖపట్నం వంటి సముద్రతీర పట్టణాలలో చెక్క తేమకు ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. అనంతపురం వేసవిలో చెక్క ఎండి ముడుచుకొని, మెట్ల అంచులు బయటికి పొడుచుకొని వస్తాయి. కాబట్టి తొలి గిటారు ప్లైవుడ్‌తో చేసినదైనా చిన్నతనంగా భావించనక్కరలేదు.

ఇక దుకాణంలో చేయవలసిన పరీక్షలు. మిల్లీమీటర్ల గీతలు గల ఒక ఉక్కు కొలబద్ద, చేతిఫోనులో శ్రుతి చూపే ఒక సాధనం వెంట ఉంటే చాలు. ముందుగా గిటారును శ్రుతి చేయించాలి. తీగలు వదులుగా ఉన్నప్పుడు ఏ దోషమూ బయటపడదు. పిదప దండి కొననుంచి గుఱ్ఱం వైపు ఒక కన్ను మూసి చూడాలి. దండి మెలి తిరిగి కనిపిస్తే ఆ వాద్యాన్ని పక్కన పెట్టాలి.

రెండవది తీగ ఎత్తు. పన్నెండవ మెట్టు వద్ద మెట్టు పైభాగానికీ తీగ అడుగుభాగానికీ మధ్య ఉన్న ఖాళీని కొలవాలి. ఉక్కు తీగలకు ఇది 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు, నైలాన్ తీగలకు 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటే వాయించడం సుఖంగా ఉంటుంది. అంతకంటె చాలా ఎక్కువ ఉంటే ప్రతి స్వరానికీ బలప్రయోగం తప్పదు. అంతేకాక, ఎత్తైన తీగను క్రిందికి నొక్కినప్పుడు అది మరింత సాగుతుంది. బిగువు పెరిగి స్వరం శ్రుతిని మించుతుంది. విద్యార్థి సరైన మెట్టునే నొక్కినా అపస్వరం వినిపిస్తుంది. తీగ ఎత్తును పనితెలిసినవారు తగ్గించగలరు. ఆ పనిని అమ్మకానికి ముందే చేయించి ఇమ్మని అడగటంలో తప్పు లేదు.

మూడవది స్వరస్థాన పరీక్ష. పన్నెండవ మెట్టు తీగ పొడవును సగం చేసే చోటు. 65 సెంటీమీటర్ల తీగకు అది సుమారు 32.5 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. ఆ మెట్టుకు సరిగా పైన తీగను నొక్కక, వ్రేలితో తాకి మీటి, వెంటనే వ్రేలు తీస్తే ఘంటానాదం వంటి సన్నని ధ్వని వస్తుంది. భౌతికశాస్త్రంలో మీరు చదివే రెండవ అనుస్వరం ఇదే. తరువాత అదే మెట్టును నొక్కి మీటాలి. రెండు ధ్వనులూ ఒకే శ్రుతిలో ఉండాలి. స్పష్టమైన తేడా వినిపిస్తే ఆ గిటారును కొనకపోవడమే మేలు.

చివరిగా ప్రతి తీగనూ ప్రతి మెట్టుపై మీటి, గరగర శబ్దం ఎక్కడైనా వస్తున్నదేమో వినాలి. బిరడలు పట్టులేకుండా జారరాదు. గుఱ్ఱం వెనుక అంచు వద్ద పలుచని కాగితం దూరేంత సందు ఉండరాదు. వాడిన గిటారును కొనేటప్పుడు ఈ చివరి పరీక్ష మరింత అవసరం. ఎడమచేతితో మీటేవారు తమకై నిర్మించిన వాద్యాన్నే అడగాలి. తీగలను తారుమారు చేసినంత మాత్రాన సరిపోదు.

ధర విషయంలోనూ ఒక వివేకం ఉండాలి. ఒక కుటుంబం పదివేల రూపాయలు కూడబెట్టిందనుకొందాం. మొత్తమూ వాద్యానికే వెచ్చించక, ఎనిమిది వేలు గిటారుకు, మిగిలినది సంచికి, అదనపు తీగలకు, తీగ ఎత్తు సరిచేయించడానికి కేటాయించడం తెలివైన పని. రంగులకు, మెరుగులకు, ఉచితంగా ఇచ్చే వస్తువులకు మోసపోరాదు. వాయించడం తెలిసిన పరిచయస్థుణ్ణి తోడు తీసుకొనిపోతే మరీ మంచిది.

ఇంటికి తెచ్చిన తరువాత కొన్ని వారాలపాటు వ్రేలికొనలు నొప్పిపెడతాయి. అది సహజం, చర్మం గట్టిపడగానే తగ్గిపోతుంది. మణికట్టు నొప్పి మాత్రం వేరు. అది చేయి పట్టిన తీరులోని దోషానికో, తీగల ఎత్తుకో సూచన. దానిని ఓర్చుకొని కొనసాగించరాదు. మొదటి మెట్టు వద్ద నొక్కడం తక్కినచోట్ల కంటె చాలా కష్టమైతే, మేరువు గాళ్ళు తగినంత లోతుగా లేవని అనుమానించాలి. మూడవ మెట్టును నొక్కినప్పుడు తీగకూ మొదటి మెట్టుకూ మధ్య వెంట్రుకవాసి సందు మాత్రమే ఉండాలి. అంతకంటె బాగా ఎక్కువగా ఉంటే మేరువును సవరింపజేయాలి.

ఏ నొప్పి సాధనలో భాగమో, ఏ నొప్పి వాద్యదోషమో గుర్తించగలిగినవాడు తన శక్తిని తక్కువగా అంచనా వేసుకోడు. వాద్యంలో దోషం లేదని రూఢి చేసుకొన్న తరువాత, ఏ స్వరం తప్పినా దిద్దుకోవలసినది మన చేయే. సామెతలోని మందలింపు అప్పుడే మనకు వర్తిస్తుంది.

అభ్యాసం

వ్యాసరూప ప్రశ్న: గిటారును కొనేముందు చేయవలసిన పరీక్షలను వివరించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు:
1. వీణ మెట్లకూ గిటారు మెట్లకూ గల భేదమేమిటి?
2. తీగ ఎత్తు ఎక్కువైతే అపస్వరం ఎందుకు వస్తుంది?
3. 'ఆడలేక మద్దెల ఓడు' అనే సామెతను రచయిత ఏ విధంగా సమన్వయించాడు?

సొంత వాక్యాలలో ప్రయోగించండి: నెపం వేయు, చిక్కుముడి, వెంట్రుకవాసి, రూఢి చేసుకొను.